విధేయతా ప్రమాణం: 1950 నాటి హాలీవుడ్ దర్శకుల సంఘ వివాదం – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

1950 అక్టోబరులో అమెరికా చలనచిత్ర దర్శకుల సంఘంలో చెలరేగిన వివాదాన్ని ఉదారవాదుల విజయంగా చెప్పుకోవడం పరిపాటి. ఆ సమావేశంలో వీగిపోయినది ఒక పద్ధతి మాత్రమేననీ, విధేయతా ప్రమాణం నిలిచే ఉందనీ ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: హాలీవుడ్, విధేయతా ప్రమాణం, సెసిల్ బి. డిమిల్, జోసెఫ్ మాంకీవిజ్, జాన్ ఫోర్డ్.

1. ఉపోద్ఘాతం

1947లో అమెరికా ప్రతినిధుల సభకు చెందిన విచారణ సంఘం హాలీవుడ్‌లో కమ్యూనిస్టుల ప్రభావంపై విచారణ జరిపింది. సమాధానం చెప్పడానికి నిరాకరించిన పదిమందిపై సభా ధిక్కార నేరం మోపారు. వారికి పని ఇవ్వబోమని నిర్మాతలు ప్రకటించారు. అదే ఏడాది వచ్చిన టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం, తాము కమ్యూనిస్టులం కామని కార్మిక సంఘాల పదాధికారులు ప్రమాణపత్రం ఇవ్వాలని నిర్దేశించింది. సాధారణ సభ్యులకు ఈ నిబంధన లేదు. దానిని సభ్యులందరికీ విస్తరింపజేసే ప్రయత్నమే ఈ వివాదానికి మూలం.

2. వివాద నేపథ్యం

1950 ఆగస్టులో స్క్రీన్ డైరెక్టర్స్ గిల్డ్ అధ్యక్షుడు మాంకీవిజ్ యూరప్‌లో ఉన్నాడు. ఆ సమయంలో డిమిల్ ప్రాబల్యం గల కార్యవర్గం ప్రమాణాన్ని తప్పనిసరి చేసే తీర్మానాన్ని సభ్యుల ఓటింగుకు పంపింది. ఓటుపత్రంపై సభ్యుడు సంతకం చేయాలి. రహస్య ఓటింగు లేదు. అనుకూలంగా 547, వ్యతిరేకంగా 14 ఓట్లు వచ్చాయి. 57 మంది స్పందించలేదు.

పదాధికారిగా తాను ప్రమాణపత్రం ఇచ్చిన మాంకీవిజ్, దానిని సభ్యులపై బలవంతంగా రుద్దడాన్ని వ్యతిరేకించాడు. సంతకం చేయనివారి పేర్లను నిర్మాతలకు పంపితే అది నిషేధిత జాబితాయే అవుతుందన్నది అతని వాదం.

డిమిల్ గత చరిత్ర ఇక్కడ గమనార్హం. 1944లో రేడియో కళాకారుల సంఘం ఒక రాజకీయ ప్రచారానికి విధించిన ఒక డాలరు చందాను చెల్లించడానికి అతడు నిరాకరించాడు. ఫలితంగా తన రేడియో కార్యక్రమాన్ని కోల్పోయాడు. సంఘ నిర్బంధానికి గురైన వ్యక్తే ఆరేళ్ల తరువాత సంఘ నిర్బంధాన్ని కోరాడు.

3. అక్టోబరు 22 సమావేశం

మాంకీవిజ్‌ను తొలగించడానికి డిమిల్ వర్గం కొందరు సభ్యులను మినహాయించి, మిగిలినవారికి హుటాహుటిన ఓటుపత్రాలు పంపింది. వాటిలో తొలగింపునకు సమ్మతి తెలిపే అవకాశం తప్ప మరొకటి లేదు. ప్రతిగా జాన్ హ్యూస్టన్ తదితర 25 మంది దర్శకులు సర్వసభ్య సమావేశం కోరుతూ అర్జీ పెట్టారు. తమ అర్జీ చెల్లుబాటు కావడానికి న్యాయవాది సలహాపై వారు ముందుగా కమ్యూనిస్టులం కామని ప్రమాణం చేయవలసి వచ్చింది. ప్రమాణాన్ని ప్రశ్నించే అర్హత ప్రమాణం చేసినవారికే దక్కింది.

బెవర్లీ హిల్స్ హోటల్‌లో జరిగిన ఈ సమావేశం అర్ధరాత్రి దాటేవరకు సాగింది. అర్జీదారులకు అనుమానాస్పద సంస్థలతో సంబంధాలున్నాయని డిమిల్ ఆరోపించడంతో సభ అతనికి ఎదురుతిరిగింది. విదేశాలలో పుట్టిన దర్శకుల పేర్లను అతడు వెక్కిరింపుగా పలికాడన్న కథనం బహుళ ప్రచారంలో ఉన్నా, సమావేశపు లిఖిత ప్రతిని పరిశీలించిన పరిశోధకులు దానిని సందేహించారు. చివరికి జాన్ ఫోర్డ్ లేచి, దర్శకుడిగా డిమిల్‌ను మెచ్చుకుంటూనే అతని వైఖరిని తిరస్కరించి, కార్యవర్గం రాజీనామా చేయాలని ప్రతిపాదించాడు. కార్యవర్గం రాజీనామా చేసింది.

4. పర్యవసానం

కొద్ది రోజులకే మాంకీవిజ్ స్వయంగా, సభ్యులు స్వచ్ఛందంగా ప్రమాణపత్రంపై సంతకం చేయాలని లేఖ రాశాడు. మరుసటి ఏడాది ప్రమాణం తప్పనిసరి అయింది. జైలుశిక్ష అనుభవించిన ఎడ్వర్డ్ డిమిట్రిక్ 1951లో విచారణ సంఘం ముందు సహచరుల పేర్లు వెల్లడించాడు. 1952లో ఎలియా కజాన్ అదే చేశాడు. అర్జీపై సంతకం చేసిన జోసెఫ్ లోసీ 1951లో దేశం విడిచి, అనంతరం బ్రిటన్‌లో స్థిరపడ్డాడు. ప్రమాణ సంతకం అతనికి రక్షణ కాలేదు.

5. ముగింపు

ఆనాటి చర్చ ప్రధానంగా ప్రమాణాన్ని ఎవరు, ఏ పద్ధతిలో విధించారన్న అంశం చుట్టూ తిరిగింది. ఒకరి రాజకీయ విశ్వాసాన్ని విచారించే హక్కు వృత్తి సంఘానికి ఉందా అన్న మౌలిక ప్రశ్న తేలలేదు. డిమిల్ ఓటమిని ప్రమాణం ఓటమిగా భావించడం వల్ల, గెలిచిన పక్షం చేసుకున్న సర్దుబాటు చరిత్రలో మరుగున పడింది. వ్యక్తుల ఘర్షణగా ప్రసిద్ధికెక్కిన ఈ ఉదంతాన్ని సంస్థాగత చరిత్రగా చదివినప్పుడే ఆ సర్దుబాటు స్పష్టమవుతుంది.