ఆరంభ చిత్రం

గుంటూరు, ప్రకాశం మైదానాలలో నాటకం ఒకప్పుడు జనజీవితంలో భాగం. పంట ఇంటికి చేరిన తరువాత వేసవి రాత్రులలో పందిరి వేసి, రంగుల తెర కట్టి, పౌరాణిక నాటకాలు ప్రదర్శించేవారు. బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావు తెనాలి రామవిలాస సభ నాటకాలలో స్త్రీ పాత్రలు ధరించి తెలుగు ప్రేక్షకులను మెప్పించాడు. తెర లేవక ముందు దాని వెనుక ఎంతో సన్నాహం జరుగుతుంది. ఒకరు ముఖానికి రంగు పూసుకుంటారు, ఒకరు హార్మోనియం శ్రుతి సరిచూస్తారు, మరొకరు కిరీటం కోసం వెదుకుతారు. ప్రేక్షకునికి ఇవేవీ కనిపించవు. అతనికి కనిపించేది తెర మీది బొమ్మ ఒక్కటే.

కంప్యూటరు మీట నొక్కిన వ్యక్తి అనుభవం కూడా ఇటువంటిదే. పని ప్రారంభించడానికి యంత్రానికి కొంత వ్యవధి కావాలి. ఆ వ్యవధిలో ఒక చిహ్నం, దాని కింద కదిలే గీతో చుక్కలో కనిపిస్తాయి. ఆంగ్లంలో దీనిని స్ప్లాష్ స్క్రీన్ అంటారు. తెలుగులో ఆరంభ చిత్రం అనవచ్చు. నాటకశాలలోని వస్త్రానికీ, కంప్యూటరులోని అద్దపు ఫలకానికీ మన భాషలో తెర అన్నది ఒకటే మాట. ఆ పోలిక ఎంత సార్థకమో, దాని వెనుక జరిగే పని తెలిస్తే బోధపడుతుంది.

విద్యుత్తు అందగానే కంప్యూటరు మొదట తన అవయవాలను తాను పరీక్షించుకుంటుంది. జ్ఞాపకశక్తి ఉన్నదా, కీబోర్డు ఉన్నదా, డిస్కు పలుకుతున్నదా అని సరిచూస్తుంది. పాత యంత్రాలలో ఈ పనిని బయాస్ అనే చిన్న ప్రోగ్రాము చేసేది. నేటి యంత్రాలలో యూఈఎఫ్ఐ అనే వ్యవస్థ దాని స్థానాన్ని ఆక్రమించింది. ఆ తరువాత ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి కెర్నెల్ డిస్కు నుండి జ్ఞాపకశక్తిలోకి చేరుతుంది. కెర్నెల్ మేల్కొని తెర, మౌసు, నెట్‌వర్కు మొదలైన పరికరాలను గుర్తిస్తుంది. పిదప పదుల సంఖ్యలో సహాయక సేవలు ప్రారంభమవుతాయి. అవసరమైనవి సిద్ధమైన తరువాత వాడుకరి పేరు, సంకేతపదం అడిగే పుట ప్రత్యక్షమవుతుంది.

తొలినాళ్లలో ఈ సన్నాహమంతా బహిరంగంగానే సాగేది. నల్లని తెర మీద తెల్లని ఆంగ్ల అక్షరాలు వరుస వెంట వరుసగా పరుగులు తీసేవి. నిపుణులకు అవి ఉపయోగకరం, సామాన్యులకు భయకారకం. యంత్రం చెడిపోయిందేమోనని శంకించినవారూ ఉన్నారు. ఈ భయాన్ని తొలగించి, వేచి ఉండే సమయాన్ని సహ్యంగా మార్చడానికి ఆరంభ చిత్రం వాడుకలోకి వచ్చింది.

1995లో వెలువడిన విండోస్ 95లో మేఘాల నడుమ చిహ్నం కనిపించేది. అది అడ్డంగా 320, నిలువుగా 400 చుక్కలు గల బొమ్మ. ఆ బొమ్మ అడుగున ఒక రంగుల పట్టీ ప్రవహిస్తున్నట్లు తోచేది. నిజానికి అక్కడ ఏదీ కదలలేదు. బొమ్మలోని చుక్కలు యథాస్థానంలో ఉండగా, రంగుల పట్టికలోని రంగులు మాత్రమే వరుసగా స్థానాలు మారేవి. అల్ప సాధనంతో అధిక ఫలం సాధించడమంటే ఇదే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో మూడు చిన్న గడులు ఎడమ నుండి కుడికి పరుగెత్తేవి. అవి యంత్రం పనిచేస్తున్నదని మాత్రమే సూచించేవి గాని, పని ఎంత పూర్తయిందో తెలిపేవి కావు.

లినక్స్ వ్యవస్థలో ఈ పని కోసం రెడ్ హ్యాట్ సంస్థలో ప్లిమత్ అనే సాధనం రూపొందింది. 2008లో ఫెడోరా 10తో అది వాడుకలోకి వచ్చింది. అంతకు ముందు ప్రారంభ సమయంలో తెర పలుమార్లు నల్లబడి, మినుకుమినుకుమనేది. తెర పరిమాణాన్ని తొలి క్షణాలలోనే కెర్నెల్ నిర్ణయించే పద్ధతి వచ్చిన తరువాత ఆ లోపం తగ్గింది. ప్లిమత్ మరొక తెలివైన పని కూడా చేస్తుంది. గతసారి ప్రారంభానికి ఎంత కాలం పట్టిందో గుర్తుంచుకొని, దానిని బట్టి ఈసారి గీతను నడిపిస్తుంది.

తెలుగువారికి ఈ చిత్రం కేవలం అలంకారం కాదు. పాతకాలపు పాఠ్య తెరలో 80 నిలువు వరుసలు, 25 అడ్డు వరుసలు ఉండేవి. అంటే మొత్తం 2000 గళ్లు. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క అక్షర రూపం ఇమడాలి. వాడదగిన రూపాలు 256, కొన్ని సందర్భాలలో 512. విడివిడిగా నిలిచే 26 ఆంగ్ల అక్షరాలకు ఆ ఏర్పాటు చాలినంత. తెలుగు లిపి స్వభావం వేరు. ‘మిర్చి’ అన్న మాటను తీసుకుందాం. చూడడానికి అందులో ఉన్నవి రెండు అక్షరాలే. యూనికోడ్ పద్ధతిలో మాత్రం మకారం, గుడి, రకారం, పొల్లు, చకారం, గుడి అని ఆరు సంకేతాలు. రకారం మీద గుడి ఎక్కాలి, కింద చకారపు వత్తు చేరాలి. అక్షరాలను ఇలా పైకీ కిందికీ కూర్చే నేర్పు ఆ గళ్ల తెరకు లేదు. అందుచేత యంత్రం మేల్కొనే వేళ తెలుగు మాట కనిపించాలంటే, దానిని బొమ్మగా గీసి చూపడమే సులభమైన ఉపాయం. బొమ్మకు గుణింతాలతో, వత్తులతో పేచీ లేదు. అక్షరాలను సరిగా కూర్చగల సాధనాన్ని, తెలుగు ఫాంటును ప్రారంభ దశలోనే అందుబాటులో ఉంచితే ప్లిమత్ తెలుగు వాక్యాన్ని కూడా చూపగలదు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో బొమ్మను మార్చుకొనే హక్కు వాడుకరికి ఉంటుంది. మన రాష్ట్రాలలో స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులో పనిచేసే లినక్స్ కోసం కృషి చేసింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ 2007లో భారతీయ భాషల కోసం బాస్ లినక్స్‌ను విడుదల చేసింది. ఇటువంటి వ్యవస్థలలో ఒక కళాశాల తన ప్రయోగశాల యంత్రాలకు పత్తికాయ బొమ్మను గాని, మిరప తోట చిత్రాన్ని గాని పెట్టుకోవచ్చు. కావలసినవి కొన్ని బొమ్మలు, వాటిని ఏ క్రమంలో చూపాలో తెలిపే చిన్న సూచనల పత్రం మాత్రమే.

అయితే తెరకు మేలుతోపాటు కీడు కూడా ఉంది. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషను దుకాణాన్ని ఊహించుకుందాం. రైతులు తెచ్చిన టిక్కీలు కాటా అయినవి. లెక్కలు కంప్యూటరులో ఎక్కుతున్నాయి. హఠాత్తుగా కరెంటు పోయింది. తిరిగి వచ్చిన తరువాత గుమాస్తా మీట నొక్కాడు. మధ్యలో ఆగిపోయిన డిస్కును కంప్యూటరు ఇప్పుడు పరీక్షించి, లోపాలు సరిదిద్దుకోవాలి. డిస్కు పెద్దదైతే దానికి చాలా నిమిషాలు పట్టవచ్చు. కాని తెర మీద చిహ్నం మాత్రమే నిశ్చలంగా కనిపిస్తున్నది. లోపల జరుగుతున్నదేమిటో గుమాస్తాకు తెలియదు. యంత్రం నిలిచిపోయిందని భ్రమించి మీట నొక్కి ఆపివేస్తే, జరుగుతున్న మరమ్మతు నడుమనే తెగిపోతుంది. లెక్కల దస్త్రం పాడైతే తక్‌పట్టీ ఆలస్యమవుతుంది. ఊరికి తిరిగి వెళ్లవలసిన రైతు సొమ్ము కోసం యార్డులోనే పడిగాపులు పడవలసి వస్తుంది.

అందుకే మంచి ఆరంభ చిత్రం కొన్ని నియమాలు పాటించాలి. డిస్కు పరీక్ష వంటి దీర్ఘమైన పని జరుగుతున్నప్పుడు ఆ సంగతిని మాటలలో తెలపాలి. ఆ మాటలు వాడుకరికి తెలిసిన భాషలో ఉండాలి. లోపం ఎదురైతే బొమ్మ తప్పుకొని సందేశానికి చోటివ్వాలి. కోరినవారికి లోపలి వివరాలు కనిపించే మార్గం ఉండాలి. ప్లిమత్ వాడే అనేక లినక్స్ వ్యవస్థలలో ఎస్కేప్ మీట నొక్కితే బొమ్మ తొలగి, వెనుక నడుస్తున్న సందేశాలు కనిపిస్తాయి. యంత్రాన్ని ఆపివేసే ముందు ఆ ఒక్క మీట నొక్కి చూడడం ప్రతి విద్యార్థీ అలవరచుకోదగిన పని.

నాటకంలో తెర ప్రేక్షకుని వంచించడానికి పుట్టలేదు. సన్నాహంలోని గందరగోళం నుండి అతని కంటికి విశ్రాంతి నిచ్చి, రాబోయే కథకు మనసును సిద్ధం చేయడానికి పుట్టింది. ప్రదర్శనకు అంతరాయం కలిగినప్పుడు నిర్వాహకుడు తెర ముందుకు వచ్చి కారణం చెప్పడం మర్యాద. కంప్యూటరు తెర కూడా ఆ మర్యాదను పాటించినప్పుడే సామాన్యునికి యంత్రం మీద నమ్మకం కలుగుతుంది. అందం కంటికి ఊరట. విషయం దాచకుండా చెప్పడం మనసుకు భరోసా. రెండూ ఉన్న ఆరంభ చిత్రమే ఆ పేరుకు తగినది.