ఆస్కార్ కొట్టిన పిల్లి సినిమా 'ఫ్లో' ఒక్క పీసీలో ఎలా రెండర్ అయింది?

వేరే వేరే దేశాల యానిమేషన్ సినిమాల గురించి మాట్లాడుకుంటున్నాం కదా, ఈరోజు లాత్వియా. ఈ దేశం మ్యాప్‌లో ఎక్కడుందో చటుక్కున చెప్పలేకపోతే ఏం పర్లేదు. యూరప్‌లో బాల్టిక్ సముద్రం పక్కన ఉంటుంది. మొత్తం జనాభా 20 లక్షల లోపే, అంటే ఇంచుమించు మన వైజాగ్ అంత. ఆ దేశానికి మొట్టమొదటి ఆస్కార్ తెచ్చింది ఒక పిల్లి. సినిమా పేరు 'ఫ్లో', 2024లో వచ్చింది. 2025 మార్చిలో బెస్ట్ యానిమేటెడ్ ఫీచర్ అవార్డు తీసుకుంది. పోటీలో 'ఇన్‌సైడ్ అవుట్ 2', 'ది వైల్డ్ రోబో' లాంటి పెద్ద స్టూడియో సినిమాలు ఉన్నాయి.

కథ రెండు ముక్కల్లో చెప్పేస్తా. వరద వచ్చి లోకం మునిగిపోతుంది. ఒక పిల్లి, ఒక కుక్క, ఒక కాపీబారా, ఒక లేముర్, ఒక పొడుగు కాళ్ల పక్షి ఒకే పడవలో ఇరుక్కుంటాయి. మనుషులు లేరు, డైలాగ్ ఒక్కటి కూడా లేదు. ఇంతకంటే చెప్తే స్పాయిలర్.

ఈ సినిమా గురించి రీల్స్‌లో ఒక మాట తిరుగుతుంటుంది: "ఒక కుర్రాడు ఇంట్లో కూర్చుని, ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో ఒక్కడే సినిమా తీసి ఆస్కార్ కొట్టాడు" అని. ఇందులో సగం నిజం, సగం కాదు. ఆ నిజమైన సగమే నాకు బాగా నచ్చింది, ముందు దాని సంగతి చూద్దాం.

డైరెక్టర్ గింట్స్ జిల్బాలోడిస్. వాడిన సాఫ్ట్‌వేర్ బ్లెండర్. ఇది ఓపెన్ సోర్స్, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, రూపాయి కట్టక్కర్లేదు. ఈ ఫ్రీ వెనక కూడా ఒక కథ ఉంది. నెదర్లాండ్స్‌లో బ్లెండర్ తయారుచేసిన కంపెనీ 2002లో మూతపడింది. దాన్ని పుట్టించిన టోన్ రోజెండాల్ జనాన్ని చందాలు అడిగాడు. ఏడు వారాల్లో లక్ష యూరోలు వచ్చాయి. ఆ డబ్బుతో కోడ్ హక్కులు కొని అందరికీ వదిలేశాడు. అప్పుడు చందా ఇచ్చినవాళ్లకి ఇరవై ఏళ్ల తర్వాత ఆస్కార్ వస్తుందని ఏం తెలుసు!

ఇప్పుడు అసలు పాయింట్, రెండరింగ్. త్రీడీలో బొమ్మలు, కెమెరా, లైట్లు అన్నీ పెట్టాక, ప్రతి ఫ్రేములో వెలుగు ఎక్కడ పడుతుందో, నీడ ఎక్కడుందో కంప్యూటర్ లెక్కేసి బొమ్మ గీయాలి. అదే రెండర్. పెద్ద స్టూడియోల్లో వెలుగు ప్రతి వస్తువుకీ తగిలి ఎలా తిరిగొస్తుందో పూర్తిగా లెక్కేస్తారు, అందుకే ఒక్కో ఫ్రేముకి గంటలు పట్టడం మామూలే. అందుకోసం వేల కంప్యూటర్లు పెట్టుకుంటారు, దాన్నే రెండర్ ఫామ్ అంటారు.

మీరు ఫోన్లో గేమ్ ఆడేటప్పుడు మాత్రం సెకనుకి 60 ఫ్రేములు అక్కడికక్కడే గీసేస్తుంది కదా? అక్కడ వెలుగుని పూర్తిగా లెక్కెయ్యరు, షార్ట్‌కట్‌లు వాడతారు. బ్లెండర్‌లో ఈవీ అనే రెండరర్ కూడా ఇదే పద్ధతి. జిల్బాలోడిస్ 2019లో బ్లెండర్‌కి మారడానికి ముఖ్య కారణం ఈ ఈవీనే. ఒక్కో ఫ్రేముకి అర సెకను నుంచి పది సెకన్లు పట్టిందని ఆయనే చెప్పాడు. ఫైనల్ రెండర్ మొత్తం తన సొంత పీసీలోనే చేశాడట.

ఇంజినీర్ బుద్ధి ఊరుకోదు కాబట్టి ఒక లెక్క వేశాను. సినిమా సుమారు 85 నిమిషాలు. సెకనుకి 24 ఫ్రేములు అనుకుంటే మొత్తం 1,22,400 ఫ్రేములు. ఫ్రేముకి గంట చొప్పున ఒకే మెషీన్ మీద పెడితే దాదాపు 14 ఏళ్లు. అదే ఫ్రేముకి పది సెకన్లు అయితే? 340 గంటలు, అంటే 14 రోజులు. ఏళ్లు కాదు, రోజులు!

డబ్బు మిగలడం ఒక్కటే కాదు లాభం. రెండర్ ఖరీదైనప్పుడు ప్రతి షాట్ ముందే పేపర్ మీద గీసుకుని, ఫిక్స్ అయ్యాకే ముట్టుకుంటారు. ఈయన స్టోరీబోర్డే గీయలేదు. త్రీడీ లోకంలోకి కెమెరా పట్టుకుని దిగి, వెతుక్కుంటూ షాట్లు పెట్టుకున్నాడు. అందుకే సినిమాలో కెమెరా పిల్లి వెనకాల పరిగెడుతుంది, ఒక్కోసారి వెనకబడుతుంది, కొన్ని షాట్లు కట్ లేకుండా నిమిషాల తరబడి సాగుతాయి. ఎవరో నిజంగా అక్కడ ఉండి షూట్ చేస్తున్నట్టుంటుంది.

దీనికి చెల్లించిన ధర కూడా స్క్రీన్ మీద కనిపిస్తుంది. పిల్లి ఒంటి మీద వెంట్రుక వెంట్రుకా కనపడదు, కుంచెతో రంగు పూసినట్టుంటుంది. కొందరికి ఇది పాత వీడియో గేమ్‌లా అనిపించింది. నాకైతే పది నిమిషాల తర్వాత ఆ ఆలోచనే రాలేదు. ఎందుకంటే పిల్లి నడక, భయపడి ఒళ్లు ముడుచుకోవడం, అన్నీ అచ్చం పిల్లివే. మోషన్ క్యాప్చర్ లేదు, యానిమేటర్లు చేత్తో చేసిన పని అది. అరుపులు కూడా నిజం జంతువులవే, పిల్లి గొంతు సౌండ్ డిజైనర్ పెంపుడు పిల్లిది. కాపీబారా అసలు గొంతు ఆ పాత్రకి నప్పలేదని ఒంటె పిల్ల గొంతు పెట్టారు!

ఇక ఆ నిజం కాని సగం. ఒక్కడే తీసిన సినిమా ఇది కాదు, దీనికి ముందు 2019లో వచ్చిన 'అవే'. 'ఫ్లో'కి లాత్వియా, ఫ్రాన్స్, బెల్జియం కలిసి పనిచేశాయి. ఐదేళ్లకు పైగా పట్టింది. బడ్జెట్ దాదాపు 35 లక్షల యూరోలు, మన లెక్కలో అప్పటి రేటుకి ముప్పై కోట్ల పైచిలుకు. హాలీవుడ్ యానిమేషన్‌కి చిల్లర లాంటిదే కానీ, మనం చేతి నుంచి పెట్టుకునే డబ్బైతే కాదు. అందులో ప్రభుత్వ సినిమా సంస్థల డబ్బు ఉంది. బ్లెండర్ ఫ్రీ, యానిమేటర్ జీతం ఫ్రీ కాదు. "ల్యాప్‌టాప్ ఉంటే చాలు బ్రో" అని కోర్సులు అమ్మేవాళ్లు ఈ ముక్క మాత్రం చెప్పరు.

నేర్చుకోవాలనుకునేవాళ్లు బ్లెండర్ ఓపెన్ చేసి, ఒకే సీన్‌ని ఒకసారి సైకిల్స్‌లో, ఒకసారి ఈవీలో రెండర్ పెట్టి టైమ్ చూడండి. సినిమా చూసేవాళ్లు ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, సబ్‌టైటిల్స్‌తో పనే లేదు. వచ్చే ఎపిసోడ్‌లో ఐర్లండ్ వెళ్దాం, అక్కడ ఇంకా చేత్తో గీస్తున్నారు.