స్కూటరు పిడి తొడుగులు

జగిత్యాల, కోరుట్లలలో బీడీలు చుట్టు చేతులును, సిరిసిల్లలో మరమగ్గములకు కండెలు చుట్టు చేతులును నేడు స్కూటరు పిడిని బాగుగా నెరిగినవి. పిల్లలను బడికి దింపుటకును, అంగడికిని, ఆసుపత్రికిని స్త్రీలు తమంతట తాము పోయివచ్చుట ఈ సీమలో సామాన్యమైనది. పెట్రోలును, చక్రములలో గాలిని అందరును కనిపెట్టెదరు. ఎల్లవేళల చేతిలోనుండు రబ్బరు తొడుగును మాత్ర మెవరును చూడరు. మేమును చూడలేదు.

గడచిన వేసవిలో మా చెల్లెలు కోరుట్లనుండి జగిత్యాలకు వచ్చుచుండెను. వారము క్రిందటనే రోడ్డుప్రక్క దుకాణములో క్రొత్త గ్రిప్పులు వేయించినది. సులువుగా ఎక్కుటకని ఆ పనివాడు లోపల నూనె పూసెను. కుడిచేతి తొడుగు జారి, లోపలికి జరిగి, స్విచ్చుల పెట్టెకు ఒరసికొన్నది. చేయి వదలినను వేగము తగ్గలేదు! రెండు బ్రేకులును పట్టి, బండి నార్పివేయగా, రోడ్డుపై ఆరబోసిన వడ్ల యంచున ఆగినది. “అక్కా, నూనె లేకుంటే ఎట్ల ఎక్కుతది?” అని యింటికి వచ్చి అడిగినది. ఆ ప్రశ్నయే మాచేత ఈ పని నేర్పించినది.

తొడుగులు రెండును చూచుటకు కవలలే గాని లోపల వేరు. ఎడమది సుమారు 22 మిల్లీమీటర్ల లావుగల ఇనుప గొట్టముపై నేరుగా బిగిసియుండును. కుడివైపున ఆ గొట్టముపై మరియొక ప్లాస్టికు గొట్టము తిరుగుచుండును. యాక్సిలరేటరు తీగె దానికే తగుల్కొనియుండును. కావున కుడి తొడుగు రంధ్రము కొంచెము పెద్దది. బండి పేరు చెప్పి జతగా కొనుట మేలు.

ఎండ, చెమట, తలనూనె అంటిన చేయి, ఈ మూడును రబ్బరునకు శత్రువులు. వేడిమి 45 డిగ్రీలు దాటు దినములు మా వైపు కొత్తగాదు. తొడుగు జిగటపడినను, బిరుసెక్కి పగిలినను, పిడికిట తిరిగినను మార్చవలసినదే.

పిడి చివర బరువుబిళ్ల బిగించియున్నచో ముందు దానిని విప్పవలయును. పిదప ఊలు అల్లు సూదివంటి మొద్దుకొన చువ్వను తొడుగు అంచు క్రింద దూర్చి, సబ్బునీరు పోసి, చుట్టును త్రిప్పిన పట్టు వదలును. తునికాకు కోయు కత్తెర చేతికందునని దాని మొనతో పొడుచువారిని చూచితిమి. ప్లాస్టికు గొట్టము గీచుకొనిపోవును, చేయియు తెగును. మరల వాడని తొడుగైనచో పొడవున కోసి తీయవచ్చును; కుడివైపున మాత్రము పైపైననే కోయవలయును.

ఎక్కించుటకు ముందు గొట్టమును కడిగి, తుడిచి, జిడ్డు లేకుండ ఆరబెట్టవలయును. మందుల దుకాణములో దొరకు స్పిరిటును తొడుగు లోపల చిలుకరించి, త్రిప్పుచు ఒక్క ఊపున త్రోయవలయును. స్పిరిటు త్వరగా ఆరును గనుక ఆలసించిన నడుమనే పట్టుకొనును; మొదటిమారు మాకట్లే జరిగినది. పొయ్యి దరిని గాని, ఇంజను వేడిగా నున్నపుడు గాని ఈ పని కూడదు. తొడుగులకని అమ్ము జిగురు దొరకిన మరియు మంచిది. కుడి తొడుగునకును స్విచ్చుల పెట్టెకును నడుమ రూపాయిబిళ్ల మందమంత ఎడము విడువవలయును. మా చెల్లెలి బండికి లేకపోయినది ఆ యెడమే.

మెత్తగా నుండునని పైన స్పంజి తొడుగులు వేయుట మాకు నచ్చదు. పిడి లావై, చిన్న చేతుల వ్రేళ్లు బ్రేకును చక్కగా అందుకొనజాలవు.

ఒక రాత్రి ఆరనిచ్చి, ఇంజను ఆర్పియుంచియే కుడి పిడిని త్రిప్పి వదలి చూడవలయును. పిడి తిన్నగా నున్నపుడును, ఎడమకు, కుడికి పూర్తిగా మరల్చినపుడును అది టక్కున వెనుకకు రావలయును. మేము బిగించినది మూడు విధముల వచ్చినది. అయినను మా చెల్లెలు నాలుగవమారు తానే త్రిప్పి చూచుకొని, అప్పుడు బండి యెక్కినది.