ద్వారం తెరిచే ఉంది

మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. రెండెకరాల పొలం, ఇద్దరు పిల్లలు. అమ్మాయికి పెండ్లి చేశాం. అబ్బాయి డిగ్రీ పాసై, గ్రూప్‌-1 కు చదువుతానని 2017లో హైదరాబాదు బయలుదేరినప్పుడు సంఘమంతా ప్రార్థన చేసి పంపింది. ఇప్పుడు వాడికి ముప్పై దాటాయి, మాకు అరవై దాటాయి.

కోచింగుకని, హాస్టలుకని, మెస్సుకని అడిగినప్పుడల్లా పంపాం. వడ్ల డబ్బు, బర్రెను అమ్మిన డబ్బు అటే పోయింది. తప్పంతా వాడిదేనని అనలేము. 2022లో 503 పోస్టులకు గ్రూప్‌-1 ప్రకటన వచ్చింది. అక్టోబరులో రాసిన పరీక్ష, పేపరు లీకు కారణంగా 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో ఆ ప్రకటననే వెనక్కు తీసుకొని 563 పోస్టులకు కొత్తది ఇచ్చారు. రెండుసార్లు రాసి రెండుసార్లూ పోగొట్టుకున్న పిల్లల గుండె ఎంత నలిగిందో మనం గ్రహించాలి.

కానీ 2024 జూన్ పరీక్షకు మావాడు వెళ్లనే లేదని తర్వాత తెలిసింది. ఫోను యాప్‌లలో అప్పులు, తాగుడు, ఇంటికొస్తే తల్లిమీద కేకలు. చివరికి, "పొలం నా పేర రాయండి, అమ్మి అప్పు తీరుస్తా. లేకుంటే నన్ను మళ్లీ చూడరు" అన్నాడు.

ఒకరోజు చెప్పకుండా బయలుదేరాం. ఇమ్లీబన్ బస్టాండులో దిగి మెట్రో ఎక్కి, నారాయణగూడ దాటి చిక్కడపల్లిలో దిగాం. అక్కడి కేంద్ర గ్రంథాలయంలో ఎందరో పిల్లలు తలవంచుకొని చదువుతున్నారు. మావాడు లేడు. అశోక్‌నగర్ గదిలో మిట్టమధ్యాహ్నం పడుకొని ఉన్నాడు. మేము డబ్బు పంపి కొనిపించిన పుస్తకాల కట్ట విప్పనే లేదు. వాడిని చూసి మాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది.

తిరుగు ప్రయాణంలో తప్పిపోయిన కుమారుని ఉపమానం గురించి మాట్లాడుకున్నాం. ఆ తండ్రి దూరదేశానికి డబ్బు పంపలేదు. అలాగని ద్వారమూ మూయలేదు. కొడుకు ఇంకా దూరంగా ఉండగానే చూసి పరుగెత్తాడు. మేమేమో డబ్బు పంపుతూ, వాడు ఆ గదిలోనే ఉండిపోవడానికి సాయపడుతున్నాం.

మరుసటి వారం వాడిని కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాం: "బిడ్డా, పొలం రాయము, అమ్మము. నీ అప్పులు మేము కట్టము. మూడు నెలల అద్దె ఇంటాయనకే ఇస్తాం, ఆపైన నీదే. మీ అమ్మమీద కేకలేస్తే ఆ రోజు మాట అక్కడితో సరి. ఇంటికొస్తే అన్నం ఉంది, మంచం ఉంది, పని ఉంది. డాక్టరు దగ్గరకు నీ వెంట మేమొస్తాం."

మొదటి నెలలోనే మా మాట మేమే తప్పాం. తల్లి మనసాగక దాచిన రెండు వేలు పంపింది. తెలిశాక పోట్లాడుకోలేదు, ఇద్దరం ఒక్కమాట మీద లేకపోతే హద్దు నిలవదని నేర్చుకున్నాం. నలభై రోజులు వాడు ఫోను చేయలేదు. ఆ రాత్రులు మాకు నిద్ర లేదు. తర్వాత ఒక సాయంకాలం వచ్చాడు. ఇప్పుడు డాక్టరును చూస్తున్నాడు, ఒక దుకాణంలో పనిచేస్తున్నాడు. తాగుడు పూర్తిగా పోలేదు. అద్దె మాత్రం తనే కడుతున్నాడు.

ప్రియ తల్లిదండ్రులారా, చచ్చిపోతానని బిడ్డ అంటే వట్టి బెదిరింపని కొట్టిపారేయకండి. భయపడి సంతకమూ చేయకండి. ఒంటరిగా వదలక వైద్యునికి చూపించండి. 14416 కు ఫోను చేస్తే టెలి మానస్ వారు ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. మీకే ఇంట్లో హింస ఉంటే వృద్ధుల సహాయానికి 14567 ఉంది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ప్రకారం ట్రిబ్యునల్‌లో మనమే అర్జీ పెట్టుకోవచ్చు. ఆర్డీవో ఆఫీసులో అడగండి. ఆస్తి రాసివ్వక తప్పకపోతే, మమ్మల్ని పోషించాలన్న షరతు దస్తావేజులోనే రాయించండి. పోషించకపోతే దాన్ని రద్దు చేయమని అడిగే హక్కు అప్పుడు ఉంటుంది.

మా పొలం మా పేరనే ఉంది. రాత్రి భోజనానికి వాడి కంచం కూడా పెడుతున్నాం. కొన్నిసార్లు వస్తున్నాడు.