మగ్గము మరల పట్టినప్పటి ఒళ్ళునొప్పులు

కొన్నాళ్ళు మగ్గము మాని, మరల ఒక్కసారిగా నిండురోజు నేసినవారికి ఆనాడు ఏమియు తెలియదు. మరునాడు తొడలు, భుజములు పట్టివేయును. దీనిని సోమరితనమని ఎంచరాదని మా మనవి.

అలవాటు తప్పిన కండరపు పోగులు సూక్ష్మముగా చిట్లి, అచట వాపు పుట్టుటయే ఇందుకు కారణము. నూలు మూటలను మెల్లగా దించునప్పుడు కండరము బిగిసియుండియే సాగును గనుక ఈ చిట్లుట హెచ్చు. లాక్టిక్ ఆమ్లము నిలిచిపోవుటచే నొప్పి కలుగుననుట సరికాదు. పని ఆగిన గంట, రెండు గంటలలో అది తగ్గిపోవును. నొప్పి మాత్రము 24 మొదలు 72 గంటలలో ముదిరి, సాధారణముగా వారములోపల పోవును.

పూర్తిగా పడుకొనక మెల్లగా నడచుట, వేడినీళ్ళ స్నానము ఉపశమనమిచ్చును. మొదటినాడు సగము పనితో ఆరంభించి, క్రమముగా పెంచవలెను. ఒకసారి తేరుకొన్న కండరము కొన్ని వారములవరకు అదే పనికి అంతగా నొవ్వదు.

కూలి మీటరు లెక్కన వచ్చునది గనుక తొందర సహజమే. కాని మొదటినాడు రెండు మీటర్లు హెచ్చు నేసి, మూడునాళ్ళు పోగొట్టుకొనుట లాభము కాదు. సంఘములును మొదటి పడుగుకు గడువు కొంత సడలించవలెనని కోరుచున్నాము.

మూత్రము నల్లబడినను, వాపు మితిమీరినను, తిమ్మిరి వదలకున్నను వెంటనే వైద్యునికి చూపవలెను.