కొత్త కారు ఇచ్చేసి.. లక్ష కిలోమీటర్లు తిరిగిన కారు కొన్నా!

మీ కారు ఇవాళ రోజంతా సెల్లార్‌లోనే ఉందా? అయినా ఖర్చు ఆగలేదు. బ్యాంకు వడ్డీ నడుస్తూనే ఉంది, కారు విలువ దిగుతూనే ఉంది. మనకు మాత్రం పెట్రోలు పోయించినప్పుడే డబ్బు పోయినట్టు అనిపిస్తుంది. ఎందుకంటే అది మన చేత్తో కడతాం. మిగతాది ఆటో డెబిట్, కంటికి కనిపించదు.

నా లెక్కే చెప్తా. 2022లో ఒక కాంపాక్ట్ ఎస్‌యూవీ కొన్నా. ఆన్‌రోడ్ రూ.13.2 లక్షలు. అందులో రూ.10.5 లక్షలు లోను. 9 శాతం వడ్డీ, ఏడేళ్లు, ఈఎంఐ రూ.16,893. మూడేళ్లు ఒక్క నెల కూడా తప్పకుండా కట్టా. మొత్తం రూ.6.08 లక్షలు. తీరా బ్యాంకు స్టేట్‌మెంట్ తీస్తే అసలులోకి వెళ్లింది రూ.3.71 లక్షలే. మిగతా రూ.2.37 లక్షలు వడ్డీ. ఇంతలో 2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. కొనేవాళ్లకు పండగే. కానీ కొత్తవి చౌకైతే పాతవాటి ధర కూడా దిగాల్సిందే కదా! నలుగురైదుగురితో బేరమాడితే నా కారు రూ.8.6 లక్షల దగ్గర ఆగింది. అంటే తరుగు రూ.4.6 లక్షలు. దీనికి వడ్డీ కలిపి, నేను తిరిగిన 31 వేల కిలోమీటర్లతో భాగించి చూడండి. కిలోమీటరుకు రూ.22 పైనే! పెట్రోలు ఖర్చు మాత్రం, హైదరాబాద్ ట్రాఫిక్‌లో కూడా, కిలోమీటరుకు తొమ్మిది రూపాయలు దాటలేదు.

ఆ కారుతో నాకేం గొడవ లేదు. బాగానే నడిచింది. ఖమ్మం నుంచి అమ్మానాన్నలను ఆస్పత్రికి తీసుకురావడానికి అప్పట్లో నమ్మకమైన బండి కావాలి, కొన్నా. తర్వాత మారింది నా పరిస్థితే. 2025 జూన్‌లో ప్రాజెక్టు అయిపోయి ఏడు వారాలు బెంచ్ మీద ఉన్నా. ఐటీలో ఉన్నవాళ్లకు బెంచ్ అంటే ఏంటో చెప్పక్కర్లేదు. జీతం వస్తుంది, నిద్ర రాదు. ఇంటద్దె, చెల్లి బీటెక్ ఫీజు, కారు ఈఎంఐ.. ఈ మూడింట్లో నేను తగ్గించుకోగలిగింది ఒక్కటే.

కారు మొత్తానికే లేకుండా కుదరదు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, బస్సెక్కలేదు. అందుకే ఎఫ్‌డీ బ్రేక్ చేసి, అప్పు లేకుండా పాత సెడాన్ వెతుకుదామని దిగా. సెడానే ఎందుకంటారా? జనమంతా ఎస్‌యూవీల వెంట పడుతున్నారు. కరోలా ఆల్టిస్, సివిక్ 2020లోనే మన మార్కెట్ నుంచి వెళ్లిపోయాయి, సియాజ్ 2025లో ఆగిపోయింది. అడిగేవాళ్లు తగ్గారు కాబట్టి ఒకప్పుడు ‘వీళ్లు బాగా ఉన్నవాళ్లు’ అనిపించిన కార్లు ఇప్పుడు మన బడ్జెట్‌లోకి వచ్చేశాయి. చివరికి నేను తీసుకుంది 2015 మోడల్ హోండా సిటీ. పెట్రోలు, మాన్యువల్ గేరు, మీటరు మీద 1,12,000 కిలోమీటర్లు. ధర రూ.4.4 లక్షలు.

‘లక్షా పన్నెండు వేలా!’ అని నోరెళ్లబెట్టినవాళ్లే ఎక్కువ. పదేళ్లతో భాగిస్తే ఏడాదికి 11 వేలు. నా కొత్త కారు తిరిగిందీ దాదాపు అంతే. నన్ను భయపెట్టింది పెద్ద నంబరు కాదు, చిన్న నంబరు. అంతకుముందు ఒక చోట 2014 కారు చూశా. మీటరు మీద 38 వేలు. బాడీ అద్దంలా మెరుస్తోంది. కానీ బ్రేక్ పెడల్ మీది రబ్బరు గీతలన్నీ అరిగి నున్నగా అయిపోయాయి, స్టీరింగ్ తోలు ఒకవైపు పాలిపోయింది. రిజిస్ట్రేషన్ నంబరుతో సర్వీస్ సెంటర్‌లో అడిగితే రెండేళ్ల కిందటే 91 వేలు రాసి ఉంది! మీటరు తిప్పేశారన్నమాట. అమ్మే ఆయన మాత్రం చలించలేదు. ‘డాక్టర్ గారి బండి సార్, ఇంటి నుంచి క్లినిక్‌కు తప్ప తిరగలేదు’ అన్నాడు.

అక్కడి నుంచి నా పద్ధతి మార్చా. ముందు సర్వీస్ హిస్టరీ చూడటం, ఆ తర్వాతే కారు దగ్గరికి వెళ్లడం. టైర్ల పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనట్టు. 30 వేలే తిరిగిందన్న కారుకు అప్పుడే రెండో సెట్ టైర్లు ఎందుకు పడ్డాయో అడగాలి. వెళ్లే ముందే ‘ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఉంచండి’ అని చెప్పి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడాలి. వేడిగా ఉంటే చల్లటి ఇంజిన్‌లో వచ్చే చప్పుళ్లు మనకు వినిపించకుండా చేసినట్టే. ఇంకోటి నా వృత్తిధర్మం అనుకోండి. ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయలకు ఓబీడీ స్కానర్ దొరుకుతుంది. స్టీరింగ్ కింద ప్లగ్‌లో పెడితే బ్లూటూత్‌తో ఫోన్‌లో కారు జాతకం వస్తుంది. ఎర్రర్ కోడ్లు లేకపోతే సంబరపడిపోకండి. ‘రెడీనెస్ మానిటర్స్’ అనే చోట చాలావరకు ‘పూర్తి కాలేదు’ అని కనిపిస్తే, మీరు వచ్చే ముందు కోడ్లు చెరిపేసి ఉండొచ్చు, లేదా బ్యాటరీ తీసి పెట్టి ఉండొచ్చు. మన ఆఫీసుల్లో డెమోకు ముందు లాగ్స్ డిలీట్ చేసేవాళ్లు గుర్తొచ్చారా?

యాప్‌లు ఎన్నున్నా మెకానిక్ చెయ్యి పడాల్సిందే. మూసాపేటలో తెలిసిన మెకానిక్ అన్నను బతిమాలి వెంట తీసుకెళ్లా. ఆయన సిటీని లిఫ్ట్ మీదకు ఎత్తించి, కింద టార్చి వేసి చూసి, టెస్ట్ డ్రైవ్‌లో ఏసీ, రేడియో అన్నీ ఆపేయించి కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ‘తిరిగిన బండి మంచిదే సార్. నిలబెట్టిన బండే తిప్పలు పెడ్తది’ అన్నాడు. ఈ ఇంజిన్‌కు టైమింగ్ బెల్ట్ కాకుండా చైన్ ఉండటం ఆయనకు నచ్చిన ఇంకో విషయం. బెల్ట్ అయితే ఇన్ని వేల కిలోమీటర్లకని మార్చి తీరాలి, తెగితే ఇంజినే పోవచ్చు. అప్పటికప్పుడు చేయించాల్సినవి రాసిచ్చాడు. నాలుగు టైర్లు, ముందు సస్పెన్షన్ బుష్‌లు, షాకర్లు, బ్యాటరీ, ఆయిళ్లు. మొత్తం రూ.46 వేలు అయింది. పదేళ్ల బండికి ఇవి మామూలే, ఏ కంపెనీదైనా.

కోల్పోయినవి కూడా చెప్పాలి. పాత కారులో ఈఎస్‌సీ ఉండేది, వాన రోడ్డు మీద బండి జారకుండా పట్టేది. దీంట్లో లేదు. రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఉన్నాయి, అంతే. మన దేశంలో అన్ని కార్లకూ డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయిందే 2019 జులై 1న. అంతకుముందు మోడళ్లలో పై వేరియంట్ అయితే తప్ప అవి ఉంటాయో లేదో నమ్మకం లేదు. కాబట్టి వేరియంట్ పేరు చూడకుండా బేరం మొదలుపెట్టకండి. ఎయిర్‌బ్యాగులు లేని కారు రూ.60 వేలు తక్కువకు వచ్చినా నేను వద్దన్నా. అమ్మానాన్న ఎక్కే బండి అది. ఇక ఇప్పుడొచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత బళ్లను దృష్టిలో పెట్టుకుని తెచ్చింది కాదు. ఇంధనం పైపులు, రబ్బరు సీళ్లు సర్వీసుకు వెళ్లినప్పుడల్లా చూపించుకోవాల్సిందే.

అమ్మేటప్పుడు కాగితాల దగ్గర బద్ధకం వద్దు. లోను తీర్చాక బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకుని ఆర్‌సీలో బ్యాంకు పేరు తీయించాలి. తర్వాత 29, 30 ఫారాలతో పేరు మార్పిడి. ‘డబ్బులొచ్చాయి, తాళం ఇచ్చేశాం’ అనుకుంటే కుదరదు. ఆర్‌సీలో ఎవరి పేరుంటే ప్రమాదం జరిగినప్పుడు పరిహారం బాధ్యత వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చేసింది. కొన్నవాళ్లు 14 రోజుల్లో ఇన్సూరెన్స్ తమ పేరు మీదకు మార్చుకోవాలి. చాలామందికి తెలియనిది ఇంకోటుంది. నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మనది. మూడేళ్లు క్లెయిమ్ లేదు కాబట్టి నా 35 శాతం తగ్గింపు సిటీ పాలసీకి తెచ్చుకున్నా.

బ్యాంకుకు రూ.6.79 లక్షలు, పైన ముందస్తు చెల్లింపు ఛార్జీ పోగా నా చేతికొచ్చింది రూ.1.57 లక్షలు. సిటీకి మిగతా రూ.2.83 లక్షలు, రిపేర్లకు రూ.46 వేలు ఎఫ్‌డీలోంచే. ఎఫ్‌డీ దాదాపు ఖాళీ. కానీ ఒకటో తారీఖున జీతం పడగానే మాయమయ్యే ఆ 16,893 ఇప్పుడు మాయమవడం లేదు. అందులోంచి ఆరు వేలు బండి రిపేర్లకని వేరే ఖాతాలో వేస్తున్నా.

ఇరుగుపొరుగు సంగతి వేరే. మొదటిసారి సిటీలో ఖమ్మం వెళ్తే అమ్మ గేటు దగ్గరే ఆగిపోయి ‘ఏంటి నాన్నా, ఉద్యోగం గానీ పోయిందా?’ అని గొంతు తగ్గించి అడిగింది. ఎదురింటి పిన్ని అడగలేదు, చూసింది. అది ఇంకా కష్టం. పెళ్లి సంబంధాలు చూస్తున్న మా మేనమామకైతే కోపమే వచ్చింది. ‘పిల్లవాళ్లు వచ్చి చూసేదాకైనా ఆగకపోయావా’ అన్నాడు. నాన్న ఒక్కటే అడిగాడు: ‘దీని మీద అప్పుందారా?’ లేదన్నా. వెనక సీట్లో కూర్చుని కాళ్లు చాపి చూసుకున్నాడు. డిక్కీ తీసి రెండు బియ్యం బస్తాలు తనే పెట్టించాడు.

డిసెంబరులో ఒక చిన్న కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. చేతికొచ్చే జీతం నెలకు 14 వేలు తక్కువ. పని మాత్రం నేను మూడేళ్లుగా చేయాలనుకుంటున్నది. ఈఎంఐ ఉండి ఉంటే ఆ మెయిల్ రెండోసారి చదివేవాణ్ని కూడా కాదు. జనవరిలో చేరిపోయా.

మొన్న గేరు మారుస్తుంటే క్లచ్ కాస్త జారినట్టు అనిపించింది. అన్నకు చూపిస్తే ‘సెట్టు మార్చాలె సార్, పదిహేను వేల దాకా అయితది’ అన్నాడు. బ్రేక్ ప్యాడ్లకు పోను రిపేర్ల ఖాతాలో రూ.26,800 ఉన్నాయి. శుక్రవారం సాయంత్రం బండి మూసాపేటలో ఇచ్చేసి, మెట్రోలో మియాపూర్ వెళ్లిపోతా.