నెట్‌వర్కు డ్రైవరు – ప్రతిశుద్ధి

తాళపత్రప్రతుల ఛాయాచిత్రములను, వానినుండి ఎత్తి వ్రాసిన పాఠములను ఒక కంప్యూటరునుండి మఱియొక కంప్యూటరునకు పంపుట నేడు తెలుగుశాఖలందు నిత్యకృత్యమైనది. ఇట్లు పంపిన ప్రతిని మూలముతో సరిచూడవలయునా యని పరిశోధక విద్యార్థి యొకరు మమ్మడిగిరి. యంత్రము తీసిన ప్రతికి లేఖకదోషము లుండవనియు, దారిలో తప్పు దొరలినచో యంత్రమే పట్టుకొనుననియు వారి నమ్మకము. ఈ నమ్మకమున కొంత సత్యము కలదు. ఆ కొంత ఎంత యనునది తేలవలెనన్న, కంప్యూటరునకును తీగకును నడుమ నిలిచి పనిచేయు నెట్‌వర్కు అడాప్టరును గూర్చియు, దానిని నడపు డ్రైవరును గూర్చియు కొంచెము తెలిసికొనక తప్పదు. సాంకేతికులకిది పాతకథ. సాహిత్యవిద్యార్థులకొఱకు మేము దీనిని వివరింపబూనితిమి.

ముందుగా పేర్ల మాట. అడాప్టరనగా తీగను తగిలించు కార్డు. డ్రైవరనగా ఆ కార్డు మర్మమెఱిగి, దానిచేత పని చేయించు ప్రోగ్రాము. దీనిని 'సారథి' యందుమా యని మేము మొదట యోచించితిమి. కాని సారథికి రథికుని ఉద్దేశము తెలియును. ఈ డ్రైవరునకు తాను మోయునది కావ్యమో, జీతముల పట్టికయో తెలియదు. ఒకే తీగపై నున్న యంత్రముల నడుమ సమాచారము నడచు అంతస్తును డేటా లింకు అందురు. అందు సమాచారము మూటలు మూటలుగా సాగును. ఒక్కొక్క మూట ఫ్రేము. దీనిని 'చట్రము' అనినచో మనకు కిటికీ స్ఫురించును. కావున వాడుకలోని పదములనే ఉంచుచున్నాము.

నేడు విశేషముగా వాడుకలో నున్న ఈథర్‌నెట్టు పద్ధతిని 1973లో అమెరికాలోని జిరాక్సు సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాకేంద్రమున రాబర్ట్ మెట్‌కాఫ్ ప్రతిపాదించి, డేవిడ్ బాగ్స్‌తో కలిసి నిర్మించెను. 1983లో ఇది 802.3 అను సంఖ్యతో ప్రమాణమైనది. ఇందలి ఫ్రేము కూర్పు మిక్కిలి సరళము. మొదటి 6 బైట్లు చేరవలసిన కార్డు చిరునామా. తరువాతి 6 బైట్లు పంపిన కార్డు చిరునామా. ఆపై 2 బైట్లు లోని సరకు ఏ జాతిదో తెలుపును. పిమ్మట సరకు, అది 46 బైట్లకు తగ్గరాదు, 1500 బైట్లకు మించరాదు. కడపట 4 బైట్ల సరిచూపు సంఖ్య. దీనిని సి.ఆర్.సి. యందురు.

ఈ కొలతలు మన లిపికెట్లు పొసగునో చూడుడు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతమొక్కొక్కటి 3 బైట్లు. 'తెలుగు' అను మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు. వెరసి 18 బైట్లు. 1500 బైట్లలో పై అంతస్తుల శీర్షికలకు సామాన్యముగా 40 పోగా 1460 మిగులును. ఎడము లేని తెలుగు పాఠమే సాగుచున్నదనుకొందము. 486 సంకేతములకు 1458 బైట్లు చెల్లును. 487వ సంకేతములో రెండు బైట్లు ఈ ఫ్రేములోను, మూడవది తరువాతి ఫ్రేములోను పోవును. యతిస్థానము నెఱుగక పాదమును విఱుచువారిని చూచితిమి గాని, ఇచ్చట అక్షరమే రెండుగా చీలుచున్నది. ఐనను దోషము లేదు. ఆవలి యంత్రమున పై అంతస్తులవారు బైట్లను వరుసగా కూర్చుకొందురు. డ్రైవరు దృష్టిలో అక్షరమను వస్తువే లేదు.

డ్రైవరు నిజముగా చేయు పనిని తెలియుటకు ఒక కార్డును తీసికొందము. రియల్‌టెక్ సంస్థవారి 8139 అను కార్డు ఒకప్పుడు చౌకవలన విస్తారముగా వ్యాపించినది. లినక్సులో దాని డ్రైవరు పేరు 8139టూ. దాని మూలపాఠము ఎల్లరు చదువుకొనుటకు వీలుగా నున్నది. ఈ కార్డునకు పంపుటకై నాలుగే అరలు కలవు. డ్రైవరు ఫ్రేమును ఒక అరలోనికి ప్రతి చేసి, దాని పొడవును కార్డులోని ఒక రిజిస్టరున వ్రాయును. ఆ వ్రాతతోనే 'యాజమాన్యపు బిట్టు' సున్న యగును. అనగా ఆ అర ఇక కార్డు సొత్తు. కార్డు ఆ బైట్లను తనంతట మెమరీనుండి లాగికొని, ఆ బిట్టును మరల ఒకటిగా మార్చును. ఆ నడుమ డ్రైవరు అరను ముట్టరాదు. నాలుగు అరలును నిండినచో పైవారిని ఆగుడని చెప్పి, కార్డు ఇంటరప్టుతో తట్టి పిలిచినపుడు మరల ద్వారము తెఱచును. డ్రైవరు నేర్పంతయు ఏ క్షణమున ఏ అర ఎవరిదో పొరపాటు పడకుండుటయందే యున్నది.

సరకు 46 బైట్లకు తగ్గినచో కొఱతను పూరింపవలయును. సున్నలతో పూరింపవలసినచోట కొందఱు డ్రైవరు రచయితలు మెమరీలో మునుపు మిగిలియున్న వ్రాతనే తుడువక పంపివేసిరి. ఎవరిదో పాతసమాచారము తునకలుగా తీగపైకెక్కినది. ఓఫిర్ ఆర్కిన్, జాష్ ఆండర్సన్ అనువారు 2003లో దీనిని బయటపెట్టిరి. 'ఈథర్‌లీక్' అను పేర ఈ దోషము ప్రసిద్ధము. చెఱపి వ్రాసిన ఆకుపై పాతగీతలు కనుపించుట తాళపత్రములు చదివినవారికి క్రొత్త గాదు. 8139టూ డ్రైవరు పొట్టి ఫ్రేముల విషయమున అరను ముందే సున్నలతో తుడుచును.

రాకడయందు పని వేఱు. వచ్చిన ప్రతి ఫ్రేమునందలి చిరునామాను కార్డు తానే చూచి, తనది కానిదానిని త్రోసివేయును. తనదైనదానిని, అందఱకును ఉద్దేశింపబడినదానిని మెమరీలోని ఒక వలయమున వరుసగా పేర్చును. ఒక్కొక్క ఫ్రేమునకు ముందు నాలుగు బైట్లు కలవు: రెండు ఫ్రేము స్థితిని, రెండు పొడవును తెలుపును. డ్రైవరు ఆ పొడవులో నాలుగు తగ్గించి మిగిలినదానిని ప్రతి చేసికొని, జాతిని తెలుపు రెండు బైట్లను చదివి, తగిన పై అంతస్తునకప్పగించును. పిమ్మట తానెంతవఱకు చదివినదో కార్డునకు తెలుపును. (అట్లు తెలుపునపుడు 16 తగ్గించి వ్రాయవలయునను విచిత్రనియమమొకటి ఈ కార్డునకు కలదు. దానికి హేతువు వెదకుటకంటె పాటించుట మేలు.)

తగ్గించిన ఆ నాలుగు బైట్లే సి.ఆర్.సి. మా వాదమునకు ఇదియే కీలకము. పంపు కార్డు ఫ్రేము తీగ నెక్కునపుడు ఈ సంఖ్యను కట్టును. అందుకొను కార్డు మరల కట్టి పోల్చును. సరిపోలనిచో ఫ్రేమును పాఱవేసి, ఒక లెక్కలో ఒకటి కలుపును. మరల పంపుడని అడుగదు. అడుగుట పై అంతస్తున నున్న టీసీపీ పని. ఒక్క బిట్టు మాఱినను ఈ పరీక్షకు తప్పక చిక్కును. ఎట్లుపడిన అట్లు చెడిన ఫ్రేము దీనిని దాటుటకు అవకాశము సుమారు 429 కోట్లలో ఒకటి. మా విద్యార్థి నమ్మకమున గల సత్యము ఇంతవఱకు.

కాని ఈ ముద్ర పడునది కార్డునందు, విప్పబడునది కార్డునందు. మెమరీనుండి కార్డునకు వచ్చు లోపలనే బైటు చెడినచో, చెడినదానిపైననే కార్డు ముద్ర వేయును. ఆవలికార్డు చెడినదానినే సరియని అంగీకరించును. మన లేఖకులు గ్రంథాంతమున, తాము చూచినది చూచినట్లు వ్రాసితిమనియు, తప్పు తమది కాదనియు విన్నవించుకొనుట కలదు. సి.ఆర్.సి. చెప్పునదియు అంతమాత్రమే. యూనికోడులో తకార దకారముల సంకేతములకు భేదము ఒక్క బిట్టు. అది మెమరీలో మాఱినచో 'తాత' 'దాత' యగును. రెండును మంచి మాటలే. చదువరికి అనుమానమైనను కలుగదు.

టీసీపీకి తనదైన సరిచూపు కలదు గదా యందురేమో. అది 16 బిట్ల కూడిక. జాబితాలోని అంకెల వరుస మాఱినను మొత్తము మాఱనట్లు, రెండేసి బైట్ల జతలు తమలో తాము స్థానములు మార్చుకొనినచో ఆ కూడిక కనిపెట్టలేదు. జొనాథన్ స్టోన్, క్రెయిగ్ పార్ట్రిడ్జ్ అనువారు 2000లో ప్రకటించిన వ్యాసమున, తాము సేకరించిన ఇంటర్నెట్టు ప్యాకెట్టులలో 1100కు ఒకటి మొదలు 32000కు ఒకటి వఱకు టీసీపీ పరీక్షలో తప్పినట్లు చూపిరి. అవి దారిలో సి.ఆర్.సి. పరీక్షలను దాటి వచ్చినవే. దోషము తీగలందుకంటె యంత్రములలోను, ప్రోగ్రాములలోను ఉన్నదని దీనివలన ఏర్పడుచున్నది.

అంతకు ముందే 1984లో సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్ అను మువ్వురు తమ ప్రసిద్ధవ్యాసమున మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జరిగిన ఒక సంగతిని వ్రాసిరి. అచ్చటి నెట్‌వర్కులను కలుపు కంప్యూటరొకటి, ఒక అరనుండి మఱియొక అరకు ప్రతి చేయునపుడు, సుమారు పదిలక్షల బైట్లకొకసారి ఇరుగుపొరుగు బైట్లను తారుమారు చేయుచుండెను. ప్రతి మజిలీలోను సరిచూపు ఉండుటచే వాడుకరులు నిశ్చింతగా నుండిరి. ఆ సరిచూపు తీగను కాపాడెను గాని, కంప్యూటరు లోపలి మెమరీని కాపాడలేదు. కొంతకాలమునకు ఒక ఆపరేటింగు సిస్టము మూలఫైళ్లు కొన్ని చెడియుండుట తెలిసినది. అప్పుడు వారు పాత ముద్రితప్రతులను ముందిడుకొని, చేతితో పోల్చి దిద్దుకొనవలసివచ్చెను. పాఠపరిష్కర్తల పని కంప్యూటరు పండితులకు పట్టిన సందర్భమిది! ఆ వ్యాసకర్తలు తేల్చినదేమనగా, సరిచూపు మొదటి కొననుండి తుదికొనవఱకు జరుగవలయును. నడుమ అంతస్తుల సరిచూపులు పనిని త్వరితపఱచును గాని, దానికి బదులు కాజాలవు. కావున డ్రైవరును నిందించుట న్యాయము కాదు. అది చూడలేనిదానిని చూడుమనుట మన పొరపాటు.

మా శాఖలో ఇపుడనుసరించు పద్ధతి యిది. ఛాయాచిత్రమైనను, పాఠమైనను పంపుటకు పూర్వమే ఫైలునకు ఎస్.హెచ్.ఏ.-256 సంఖ్యను కట్టుదుము. చేరినపిదప, ఆవలి కంప్యూటరు డిస్కునుండి ఫైలును తిరిగి చదివించి మరల కట్టుదుము. మెమరీలో నున్న ప్రతికి కట్టిన చాలదు. డిస్కునకు వ్రాయునపుడు దొరలిన తప్పు దానికి తెలియదు. రెండును సరిపోలినచో ప్రతి మూలమువంటిదే యని నిశ్చయింపవచ్చును. మూలమే సరియైనదా యనునది పాఠము చదువువారి పని. మమ్మడిగిన విద్యార్థి ఇపుడు ప్రతివివరణ పట్టికలో పత్రసంఖ్య, పంక్తిసంఖ్యల ప్రక్కన ఈ 64 అంకెల వరుసను గూడ చేర్చుచున్నారు.